మేకతోలు చెప్పిన క్షమాపణ

పదమూడేళ్ల ఉద్యోగంలో నాకు ఒకే ఒక్క మెమో వచ్చింది. అది కూడా నేను అన్న మాటకు కాదు, ఒక మేకతోలు అన్న మాటకు. ఆ కాగితం ఇప్పటికీ మా ఇంట్లో దేవుడి అలమరలో, కుంకుమ భరిణె కింద ఉంది. పొద్దున దీపం పెట్టేటప్పుడు దేవుడితో పాటు దానికీ ఒక దండం పడుతుంది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను అడుగుతుంటారు, "మేడం, బొమ్మలాట మీరు ఏడ కోర్సు జేసిన్రు?" అని. కోర్సా! నేను బడి మెట్టే ఎక్కలేదు. మా నాయన ఇంట్లోనే పలక మీద అక్షరాలు దిద్దించి, భక్తి పుస్తకాలతో చదవడం నేర్పాడు. పెళ్లయి పిల్లలు పుట్టాక పదో తరగతి ప్రైవేటుగా కట్టి, స్వామి దయవల్ల మూడోసారికి గట్టెక్కాను. ఆ కాగితం పట్టుకుని 2001లో సూర్యాపేటలో ఒక స్వచ్ఛంద సంస్థలో చేరాను. నా పని ఏమిటంటే, బడి మానేసిన పిల్లల ఇళ్లకు పోయి, మళ్లీ పంపమని తల్లిదండ్రులను బతిమాలడం. బడి మొహం చూడని మనిషికి బడి గొప్పతనం చెప్పే ఉద్యోగం. దేవుడికి కూడా హాస్యం తెలుసని నాకు అప్పుడే అర్థమైంది.

నాలుగేళ్లు గడిచాయి. మేము మైకు పట్టుకుంటే జనం బర్రెలు గుర్తొచ్చి లేచిపోయేవారు. ఇలా లాభం లేదని మా సారు, అంటే మా సంస్థ పెద్ద, తోలుబొమ్మలాట నేర్పించాలనుకున్నాడు. కోదాడ పక్క ఊరి నుంచి, తాతల కాలం నుంచీ బొమ్మలాడించే ఇంటి పెద్దాయనను పిలిపించాడు. సూర్యాపేటలో ఒక కమ్యూనిటీ హాల్లో నెల రోజుల శిక్షణ. మా సిబ్బందితో పాటు చుట్టుపక్కల ఊళ్ల నుంచి పది మంది దాకా వచ్చారు.

మొదటి రోజు రంగులు, కుంచెలు ఇస్తారనుకుని అందరం కొత్త పెన్నులతో వెళ్లాం. పెద్దాయన మమ్మల్ని ఒకసారి చూసి, "ఎవరి తోలు వాళ్లు తెచ్చుకోండి" అన్నాడు.

"మా తోలా?" అన్నాడు మా జీపు డ్రైవరు, నేను తమ్ముడూ అని పిలిచేవాడు.

"నీది పనికి రాదులే నాయనా, మందం. మేకది తే."

నేను మెడలో తులసిమాల వేసుకున్నప్పటి నుంచి నీసు ముట్టను. కోడిగుడ్డు పగిలిన చప్పుడు వినిపిస్తే స్నానం చేసే రకం. అలాంటిదాన్ని చివ్వెంలలో మేకలు కాసుకునే ఒకాయన ఊరికే ఇచ్చిన పచ్చితోలు యూరియా సంచిలో పెట్టుకుని సూర్యాపేట బస్సెక్కాను. రెండు స్టాపులకే వాసన కండక్టరు దాకా వెళ్లింది.

"ఏందమ్మా గది?"

"తోలు సార్. మేకది."

"మరి మేకేది?"

"అది లేదు సార్."

"సగం మేకకు సగం టికెట్ కొట్టాల్నా ఇప్పుడు?" అని ముక్కు మూసుకుని ముందుకు పోయాడు. నా చుట్టూ ఉన్నవాళ్లు కూడా ఒక్కొక్కరే ముందుకు జరిగారు. ఆ రూటు బస్సులో నిలబడడానికి చోటు దొరికితేనే అదృష్టం. ఆ రోజు నాకు ఏకంగా మూడు సీట్లు దొరికాయి. కాళ్లు చాపుకుని స్వామికి కృతజ్ఞతలు చెప్పుకున్నాను.

తోలు నానబెట్టి, మేకులు కొట్టి, మేము కిరాయికున్న ఇంటి దాబా మీద ఆరబెట్టాను. పొద్దున్నే ఇంటావిడ కేకలు. "ఏమమ్మా, మీద ఏం ఆరేసినవ్? కాకులు పెండ్లికొచ్చినట్టు వచ్చినయ్! నువ్వు రోజూ పూజలు జేస్తవని ఇల్లిచ్చిన, నువ్వేమో మేకను ఉతికి ఆరేసినవ్!" అయినా ఆమె నన్ను వెళ్లగొట్టలేదు. ఆ తల్లికి ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

తర్వాత వెంట్రుకలు గీకడం. హాల్లో వరుసగా కూర్చుని అందరం గీకుతున్నాం. నేను నామస్మరణ చేసుకుంటూ గీకుతుంటే పక్కనున్న చెల్లె కిసుక్కున నవ్వింది. ఆమె మా సంస్థలోనే టీచరు. ఆదివారం చర్చిలో పాడితే రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి వినే గొంతు. "అక్కా, నువ్వు గిట్ల నామం జదువుకుంట గీకితే నీ మేకకు సీదా మోక్షమే. మా మేకల సంగతేంది మరి?" అంది.

ఇక నా తప్పు గురించి చెప్పాలి.

తోలుబొమ్మకు కన్ను చివర్లో పొడవాలి. బొమ్మ గీసి, కత్తిరించి, నగలకు, బట్టలకు ఉలితో బెజ్జాలు కొట్టి, రంగులు వేసి, చేతులూ కాళ్లూ దారంతో కట్టి, నడుమ వెదురుబద్ద పెట్టి, అన్నీ అయ్యాక కొబ్బరికాయ కొట్టి అప్పుడు కన్ను తెరవాలి. పెద్దాయన ఈ మాట చెప్పిన పొద్దున ఏకాదశి. నేను గుడిలో ఉన్నాను. మధ్యాహ్నం ప్రసాదం పొట్లంతో హాలుకొచ్చి, అందరికీ పంచి, చకచకా పనిలో పడ్డాను. చిన్నప్పుడు పలక మీద బొమ్మ గీస్తే కన్నుతోనే మొదలుపెట్టేదాన్ని. అదే అలవాటు. ఉలి పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ. చక్కటి గుండ్రటి కన్ను.



పెద్దాయన వచ్చి తోలు ఎత్తి కిటికీ వెలుతురులో పట్టుకున్నాడు. ఆ బెజ్జంలోంచి దూరిన వెలుగు చుక్క ఆయన చెంప మీద పడింది.

"ఎవరు పొడిచారమ్మా ఈ కన్ను?"

"నేనే అయ్యా. తప్పయిందా?"

"తప్పే. వీడికింకా కాళ్లు లేవు, చేతుల్లేవు, ఒంటి మీద గుడ్డ లేదు. అయినా చూస్తున్నాడు. నువ్వు వీణ్ని కొయ్యడం, పొడవడం అన్నీ చూస్తాడు. ఇంక వీడికి సిగ్గేం ఉంటది, భయమేం ఉంటది?"

పారేసి ఇంకో తోలు తెచ్చుకుంటానన్నాను. కాకులు, ఇంటావిడ, కండక్టరు ఒక్కసారిగా కళ్ల ముందు తిరిగారు.

"కళ్లు తెరిచినోణ్ని పారేస్తావా?" అన్నాడు పెద్దాయన. "వీడు దేవుడికి పనికి రాడు, రాజుకి పనికి రాడు. హాస్యగాణ్ని చెయ్యి. ఇంకో సంగతమ్మా. చేసినోళ్లే ఆడించాలి. అది మా పద్ధతి."

అలా పంపకం జరిగింది. వినాయకుణ్ని చేసిన మా చర్చి చెల్లెకు ఆ దేవుడి ప్రార్థన. ఎవరినైనా ఛీ అంటే మూడు రోజులు బాధపడే నాకు, ఊరందరినీ ఎగతాళి చేసే బానపొట్ట హాస్యగాడు. "నీ వినాయకుడు నా గొంతుల సల్లగుంటడు తియ్యి అక్కా. నీ నోటికేమైతదో గది సూసుకో" అని చెల్లె ధైర్యం చెప్పింది.

మొదటి ఆట చివ్వెంలలో. నా హాస్యగాడు వచ్చి సోమరి తండ్రిని కసిరి లేపాలి. నా నోటికి కసురు ఎక్కడిది? చివరికి వాడు ఇలా అన్నాడు: "అయ్యా, తమరు దయచేసి కొంచెం లేస్తారా? ఎండ తమరి వీపు దాకా వచ్చింది. శ్రమ ఇస్తున్నందుకు క్షమించాలి."

జనం ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత పడీపడీ నవ్వారు. కాళ్ల కింద చెక్కలు తొక్కుతూ చప్పుడు చేసే పని డ్రైవరు తమ్ముడిది. వాడు నవ్వు ఆపుకోలేక చెక్కల మీదే కూలబడ్డాడు. "అక్కా, నీ బొమ్మేంది, తాసిల్దారా?"

నేను ఏడుపు మొహంతో పెద్దాయన వైపు చూశాను. ఆయన కళ్లు మెరుస్తున్నాయి. "బూతు తెలిసినోడు తిడితే గోల. నువ్వు మర్యాదగా తిట్టమ్మా. అదే నీ విద్య."

మరుసటి ఏడాది మునగాల మండలంలో ఒక ఊరికి వెళ్లాం. అక్కడ ఏడో తరగతి పిల్ల ఒకతి వారం నుంచి బడికి పోవడం లేదు. తల్లి కూలి పని చేసుకునే మనిషి. నేను మామూలుగా నా పాఠం మొదలుపెట్టాను. బడి దూరమా అన్నాను. "దూరమేంది, గీడనే." టీచర్లు కొడతారా అన్నాను. "కొడితే గూడ పోతది. సదువంటే పాణం దానికి." మరెందుకు మానింది?

ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "అమ్మా, పొద్దుగాల పోయిన పొల్ల సాయంత్రం దాక ఎట్లుంటది? బయటికి పోదామంటే ముంగట హైవే, లారీలు. నీళ్లు తాగుడు బంద్ జేసింది. మొన్న ప్రార్థనల కండ్లు తిరిగి పడ్డది."

"బడిలో లెట్రిన్ కట్టిన్రు కదా?"

"కట్టిన్రు. తాళం గూడ ఏసిన్రు. సావి పెద్దసారు మొలకుంటది. అడుగుదమంటే ఆడపిల్లకు సిగ్గు, నాకు భయం. ఇగ అయింది తియ్. వచ్చే వారం సంది నాతోని మిరపకాయ ఏరనీకి తోల్కపోత."

గుమ్మంలో కూర్చున్న పిల్ల తల ఎత్తలేదు. ఒళ్లో పుస్తకం ఉంది. పుట తిప్పడం లేదు.

నా చిన్నప్పుడు, నన్ను బడికి ఎందుకు పంపవని మా అమ్మను అడిగితే, "పొద్దంత ఎట్లుంటవ్ బిడ్డా?" అనేది. అందరిలాగే కూర్చుంటాను కదా, అనుకునేదాన్ని. అమ్మ అడిగింది దేని గురించో ఆ గుమ్మం ముందు నిలబడితే తెలిసింది. అప్పటికి నాకు నలభై దాటాయి.

బడికి వెళ్లి పెద్దసారును, అంటే హెడ్మాస్టరును, అడిగాను. ఆయన చెడ్డవాడు కాదు. "అమ్మా, దాని కోసం మండలాఫీసు చుట్టు ఎన్ని సార్లు తిరిగిన్నో నీకు తెల్వదు. పిల్లలకిస్తే నాలుగొద్దులల్ల ఖరాబు జేస్తరు. కడిగేటోళ్లెవరు? నువ్వొచ్చి కడుగుతవా? ఆఫీసర్లు వస్తే నేనేం సూపెట్టాలె?" అన్నాడు. నేను "నిజమే సార్, చాలా థ్యాంక్స్ సార్" అని బయటికొచ్చాను. దేనికి థ్యాంక్స్ చెప్పానో గేటు దాటాక గానీ ఆలోచించలేదు. కృతజ్ఞత మంచి గుణమే. అలవాటైపోతే మాత్రం తుమ్ములాంటిది, ఎక్కడ వస్తుందో తెలియదు.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఆట మొదలైంది. ముందు వరుసలో కుర్చీ వేసి పెద్దసారును కూర్చోబెట్టారు. ఆ రోజు పాఠం చేతులు కడుక్కోవడం గురించి. నా హాస్యగాడు వచ్చి సబ్బు అడగాలి. వాడు వచ్చాడు. వచ్చి పొట్ట పట్టుకుని తెర ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తాడు.

"అయ్యా, క్షమించాలి. జర అర్జంటుగా ఉంది. ఈ బడిల లెట్రిన్ ఏడుందండీ?"

ఇది పాఠంలో లేదు. డ్రైవరు తమ్ముడు ఆగకుండా చెక్కలు టకటకలాడించి అందుకున్నాడు. "గాడనే ఉంది పోరా!"

"తాళముందండీ."

"సావి?"

"పెద్దసారు మొలతాడుకుందండీ. తమరు ఏమనుకోకపోతే సారును జర తలుపు కాడికొచ్చి వంగమనండి. సావి మొలకుండంగనే తిప్పుకుంట."

ఆ నవ్వుకు తెర ఊగింది. పెద్దసారు లేచి విసవిసా నడిచాడు. అడుగడుగుకీ మొలకున్న తాళపుచెవుల గుత్తి గలగలమంది. అప్పుడైనా నేను ఊరుకోవాలి కదా.

"అయ్యో, సూడుండ్రి," అన్నాడు నా బొమ్మ, "లెట్రిన్ నడిసి పోతాంది!"

మూడో రోజు, పెద్దసారు ఫిర్యాదు మీద, మెమో వచ్చింది. మా సారు చేతికిస్తూ, "నువ్వేనా అమ్మా? నిజంగ నువ్వేనా?" అని రెండుసార్లు అడిగాడు. శనివారం అదే బడిలో, పిల్లల ముందు, తల్లుల ముందు క్షమాపణ చెప్పాలి. లేకపోతే ఉద్యోగం ఉండదు. నేను సిద్ధమే. ఒక పెద్దమనిషి మొలతాడు గురించి నలుగురిలో మాట్లాడినందుకు నాకు నిజంగానే అన్నం సయించడం లేదు. "ఒప్పుకో అక్కా. ఒక్క మాటతోని ఖతమైతది" అంది చెల్లె. నా బాధ అది కాదు. క్షమాపణ చెప్పి నేను ఇంటికొస్తాను. ఆ పిల్ల మిరపతోటకు పోతుంది.

కోదాడ పక్కన ఊళ్లో ఉన్న పెద్దాయన దగ్గరికి పోతే, ఆయన మాత్రం మెమో చదివించుకుని విని, గడ్డం గోక్కున్నాడు.

"ఎవరన్నారమ్మా ఈ మాట?"

"నేనే అయ్యా."

"నలుగురిలో నీ నోట లెట్రిన్ అన్న మాట ఎప్పుడైనా వచ్చిందా?"

"లేదయ్యా."

"మరి? అన్నోడు వీడు. అన్నోడే చెప్పాలి క్షమాపణ. తెర కట్టండి."

శనివారం పొద్దున ఒక తరగతి గది కిటికీలకు గోనెసంచులు కట్టి చీకటి చేశాం. లోపల ఒకటే బల్బు. పెద్దసారు చేతులు కట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. తల్లులంతా వచ్చారు. ఆ తల్లీ కూతురూ వచ్చారు. పిల్ల చేతిలో బడి పుస్తకాల కట్ట. పేరు కొట్టేయించుకుని పుస్తకాలు అప్పజెప్పి పోవడానికట. తెర వెనక నిలబడి నేను స్వామిని ఒకే ఒక్క కోరిక కోరాను: "తండ్రీ, ఈ ఒక్క పూట నా నోరు అదుపులో ఉంచు." ఆయన నా మొరలు చాలా విన్నాడు. ఇది మాత్రం వినలేదు. ఎంత దయగలవాడో!

హాస్యగాడు వచ్చి, చేతులు జోడించి, తెర మీద బోర్లా పడ్డాడు.

"పెద్దసారూ, తప్పు నాదే. మీ వంటి పెద్దమనిషిని నలుగుట్ల నవ్వులపాలు జేసిన. మీ కాళ్లు గడిగి ఆ నీళ్లు నెత్తిన సల్లుకుంట."

ఎవరూ నవ్వలేదు. పెద్దసారు "సరే, సరే" అన్నాడు. మెమోలో అడిగింది అంతవరకే.

"జర నీళ్లు కావాలె" అన్నాడు నా బొమ్మ.

డ్రైవరు తమ్ముడు నా మొహం చూశాడు. "బోరింగ్ ఖరాబైంది కదరా. నల్లా లెట్రిన్లనే ఉంది" అన్నాడు. అది నిజం కూడా.

"మరి సావి?"

"నీళ్లు వద్దుతియ్. అయిపోయింది" అన్నాడు పెద్దసారు.

"గట్లెట్లైతది సార్? కాళ్లు గడగకపోతే నా మెమో ఖతం గాదు. మీ దయ."

తెర సందులోంచి చూస్తున్నాను. ఆయన మీసం ఒక్కసారి కదిలింది. కోపమో, నవ్వో చెప్పలేను. మొల దగ్గర చెయ్యి పెట్టి, గుత్తిలోంచి ఒక తాళపుచెవి తీసి, ఎదురుగా కూర్చున్న పిల్లకే ఇచ్చాడు. "పో బిడ్డా, చెంబుల నీళ్లు పట్టుకరా."

పిల్ల పుస్తకాల కట్ట తల్లి ఒళ్లో పెట్టి వెళ్లింది.

అందరం ఎదురుచూశాం. హాస్యగాడు ఒంటికాలి మీద నిలబడ్డాడు, ఇంకో కాలి మీద నిలబడ్డాడు. పిల్ల రాలేదు. చెంబు నీళ్లకు అంతసేపు పట్టదు. వెనక వరుసలో ఒక తల్లికి ముందుగా అర్థమైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత పక్కామెకు, ఆ పక్కామెకు. చప్పుడు లేని నవ్వు గదంతా పాకింది. చివరికి పెద్దసారుకూ అర్థమైంది. ఆయన తల వంచుకుని, చాలాసేపు తన కాళ్లనే చూసుకున్నాడు.

పిల్ల నిండుచెంబుతో, తల ఎత్తుకుని వచ్చింది.

"పెద్దసారూ," అన్నాడు నా బొమ్మ, "నేను తోలోన్ని. నీళ్లు తాకితే ఉబ్బిపోత. నా తరఫున జర మీరే కడుక్కోండ్రి."

అప్పుడు నవ్విన నవ్వులో ఆయన గొంతు కూడా వినిపించింది.

తర్వాత అందరం వెళ్లి ఆ మరుగుదొడ్డి చూశాం. ప్రారంభం రోజు కట్టిన రిబ్బను ముక్క గడియకు ఇంకా ఉంది. నేల అద్దంలా మెరుస్తోంది. ప్రతి శనివారం ప్యాంటు మడిచి ఆయనే కడుగుతున్నాడని అటెండరు చెప్పాడు. నాకు సిగ్గేసింది. "థ్యాంక్స్ సార్" అన్నాను. ఈసారి దేనికో తెలుసు. కడిగేటోళ్లెవరన్న ఆయన ప్రశ్నకు నా బొమ్మ దగ్గర జవాబు లేకపోయింది. తల్లులు వంతులు వేసుకున్నారు. మొదటి వంతు ఆ పిల్ల తల్లిదే. తాళపుచెవి ఆడపిల్లల తరగతి తలుపు పక్కన మేకుకెక్కింది. పిల్ల మూడేళ్ల తర్వాత కోదాడలో పది పరీక్ష రాసిందని విన్నాను. ఆ తర్వాత తెలియదు.

మా సారు మెమో అడుగున ఇలా రాశాడు: "బొమ్మ సంజాయిషీ ఇచ్చినది. ఫైలు మూసివేయడమైనది."

2014లో నేను ఉద్యోగం దిగిపోయే ముందు మిర్యాలగూడలో ఒక శిక్షణ జరిగింది. అప్పటికి పెద్దాయన లేడు. ఆయన చోట నన్ను కూర్చోబెట్టారు. ఎవరి తోలు వాళ్లు తెచ్చుకోండన్నాను. కన్ను చివర్లోనే పొడవాలని, ముందే పొడిస్తే ఏమవుతుందో కూడా, ఆయన మాటల్లోనే చెప్పాను. కొత్తగా చేరిన ఒక అమ్మాయి నోట్‌బుక్కులో రాసుకుంటూ తల ఎత్తింది.

"అన్ని బొమ్మలకు చివర్లనే కదా మేడం?"

"అన్నిటికి చివర్లనే బిడ్డా" అన్నాను. తర్వాత నా సంచిలో ఉన్నవాడు గుర్తొచ్చాడు.

"ఒక్కనికి మాత్రం ముందుగాలనే పొడువు."